కూలి అడిగితే కులం గుర్తొస్తుంది

2011 సార్వాలో కోనసీమ రైతులు చేలల్లో నాగలి దించలేదు. ఆ ఏడాది సాధారణ రకం వరి ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1080 రూపాయలు. ఆ ధరకు పండించి అప్పులపాలు కావడం కన్నా పొలాన్ని బీడుగా వదిలేయడమే మేలని ఊళ్లకు ఊళ్లు తీర్మానించుకున్నాయి. దానికి ‘పంట విరామం’ అని పేరు పెట్టారు. పేరు చక్కగా కుదిరింది. రాజకీయ పక్షాల నాయకులు కోనసీమ బాట పట్టారు. ప్రభుత్వ మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. గిట్టుబాటు ధర, గోదాముల కొరత, మురుగు కాలువల పూడిక, పెరిగిన కూలి రేట్లు అన్నీ చర్చకు వచ్చాయి. తన సరుకుకు తగిన ధర రానప్పుడు ఉత్పత్తి ఆపివేసే హక్కు మనిషికి ఉండి తీరాలి గనుక ఆ రైతుల పట్ల నాకు అప్పుడూ సానుభూతే, ఇప్పుడూ సానుభూతే. నేను గమనించింది ఇంకొక సంగతి. ఆ రైతుల్ని పొగరుబోతులని ఒక్కరూ అనలేదు.

అదే డెల్టాలో ఊడ్పుల వేళ పేట ఆడవాళ్లు ‘ఎకరాకు ఇంత ఇస్తేనే చేలో దిగుతాం’ అని రెండు రోజులు ఇళ్ల దగ్గర కూర్చుంటే వినబడే మాటలు వేరు. తిండి ఎక్కువై ఒళ్లు వంగడం లేదంటారు. రేషను బియ్యం వచ్చాక వీళ్లను పట్టలేకపోతున్నామంటారు. ఉపాధి పని పాడు చేసిందంటారు. గొంతు తగ్గించి మరికొన్ని మాటలు కూడా అంటారు, వాటిని ఇక్కడ అచ్చు వేయలేము. జరిగింది మాత్రం రెండుచోట్లా ఒకటే: తన దగ్గరున్న ఒకే ఒక్క సరుకుకు తగిన ధర రాలేదని ఒక సమూహం దాన్ని అమ్మకుండా ఆపుకున్నది. రైతుది విరామమైంది, కూలిది పొగరైంది. ఈ తేడా కేవలం మాటలదైతే ఇంత రాయనక్కరలేదు. కూలి పెంపు మీద జరిగే బేరం ఎంత దగ్గర తెగాలో నిర్ణయించేది చాలాసార్లు ఈ తేడాయే.

నేను కోనసీమలో అలాంటి ఒక పేటలోనే పుట్టాను. మా నాన్న పాలేరు. పాలేరుతనం అంటే ఏమిటో నేటి పాఠకులకు కాస్త చెప్పవలసి ఉంటుంది. ఏడాదికి ఒకసారి, వేసవిలో, ఏరువాకకు ముందు కామందు ఇంటి అరుగు కింద నిలబడి జీతం మాట్లాడుకుంటారు. జీతం ధాన్యంలో ఉంటుంది, ఇన్ని బస్తాలని. దానితో పాటు ఒక పంచె, ఒక తువాలు, చెప్పుల జత, పండుగకు ఏదో. మధ్యలో తీసుకున్న వడ్లూ, పెళ్లికో చావుకో తెచ్చుకున్న డబ్బూ కళ్లం దగ్గర మినహాయించుకుంటారు. మినహాయించగా బాకీ మిగిలితే మరుసటి ఏడాది కూడా అదే ఇంట్లో చేయాలి. పని గంటల ప్రస్తావన ఎక్కడా ఉండదు. తెల్లవారుజామున పశువుల దగ్గర మొదలై, రాత్రి నీరు మళ్లించడం దాకా ఎన్ని పనులైనా ఆ బస్తాల్లోనే ఇమిడిపోతాయి.

నేను అయిదో తరగతి చదువుతున్న ఏడు మా నాన్న జీతం పదకొండు బస్తాలు. పన్నెండో బస్తా అడుగుదామని ఆయన మా అమ్మతో నెల రోజుల ముందునుంచే అనుకున్నాడు. ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. కామందు కోప్పడలేదు, లేదనలేదు. ‘ఒకటేం ఖర్మరా, రెండు తీసుకో. మీవాణ్ణి బళ్లోంచి మానిపించి పశువుల్లో పెట్టు’ అన్నాడు. చాలా శాంతంగా, ఏదో మేలు చేస్తున్నట్టుగా అన్నాడు. మా నాన్న కాసేపు నేల చూసి ‘పాత జీతమే కానీండయ్యా’ అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆయన వదులుకున్న ఆ బస్తా విలువను నేను తరువాత చాలా ఏళ్లు లెక్క కట్టాను. బోయి భీమన్న గారిది మా వైపు మామిడికుదురే. పాలేరు కొడుకు చదువుకుని పైకి రావడం మీద ఆయన రాసిన ‘పాలేరు’ నాటకం ఊరూరా ఎందుకు అన్నిసార్లు ఆడిందో, మా పేటల్లో పెద్దవాళ్లు దాన్ని చూసి ఎందుకు ఏడ్చారో నాకు ఎవరూ వివరించవలసిన అవసరం కలగలేదు.

ఈ ఉదంతం చెప్పింది కన్నీటి కోసం కాదు. అందులో బేరం నడిచిన తీరు చూడమని. జీతం పెంచమని అడిగినవాడికి ఎదురైంది ‘ఇవ్వను’ అనే జవాబు అయితే పోట్లాడవచ్చు. ‘నీ బిడ్డ చదువు నాకివ్వు, నీ జీతం పెంచుతాను’ అన్నప్పుడు పోట్లాటకు తావు లేదు. జీతానికి సంబంధం లేని వస్తువును బేరంలోకి లాగగల శక్తి ఒక వైపు మాత్రమే ఉంది. పిల్లవాడి బడి, పాక వేసుకున్న స్థలం, పశువుకు గట్టు మీది గడ్డి, శ్మశానానికి దారి, మొన్నటి చేబదులు, ఇవన్నీ కూలి రేటుతో సంబంధం లేని విషయాలే. కూలి అడిగిన రోజున మాత్రం ఇవన్నీ ఒక్కొక్కటిగా అరుగు మీదికి వచ్చి కూర్చుంటాయి.

గోదావరి జిల్లాల ‘అండీ’ గురించి బయటి జిల్లాల వారు ముచ్చటగా చెప్పుకుంటారు. సినిమాల్లో దాన్ని హాస్యానికి వాడుకుంటారు. మర్యాదస్తుల సీమ అని పేరు. ఆ అండీ ఏ వైపునుంచి ఏ వైపుకు ప్రవహిస్తుందో గమనించినవారు తక్కువ. అరవై ఏళ్ల మా పేట మనిషి పదేళ్ల కామందు కొడుకును ‘బాబుగారండీ’ అంటాడు, ఆ పిల్లవాడు ఆయన్ని ‘ఏరా’ అంటాడు. ఇప్పుడు చాలా ఊళ్లలో ఈ ‘ఏరా’ తగ్గింది, కొన్నిచోట్ల బొత్తిగా పోయింది, నిజమే. పని దొరకడం, కూలి చేతికి అందడం ఒక దయ అన్న భావన మాత్రం వ్యాకరణంలోంచి అంత తొందరగా పోలేదు. ‘కూలి ఇప్పించండి’ అంటాం, ‘ఇవ్వండి’ అనం. చేసిన పనికి రావలసిన డబ్బును ఇప్పించమని ఎందుకు వేడుకోవాలి? జీతం పెంచమని ఎలా అడగాలో నేర్పే పుస్తకాలు ఇప్పుడు పట్నాల్లో దొరుకుతున్నాయి. కళ్లలోకి చూసి మాట్లాడమని, తొందరపడి మొదటి అంకె చెప్పవద్దని అవి సలహా ఇస్తాయి. కళ్లలోకి చూడటమే నేరమైన చోట ఆ పుస్తకాలు మొదటి పుట దగ్గరే ఆగిపోతాయి.

బేరాన్ని నడిపేది రోజులు. ఎవరు ఎన్ని రోజులు ఆగగలరన్నదే అసలు లెక్క. 1776లో ఆడమ్ స్మిత్ ఈ సంగతి ఏ మొహమాటమూ లేకుండా రాశాడు. యజమానులు పని చేయించకుండా ఏడాదో రెండేళ్లో కూడా నెట్టుకురాగలరు, పని లేకుండా కార్మికులు చాలామంది వారం రోజులు కూడా గడపలేరు అన్నాడు. యజమానులు కూలి పెరగకుండా ఎప్పుడూ లోలోపల ఒక్కటై ఉంటారని, అది అందరికీ అలవాటైన విషయం కనుక ఎవరూ దాని గురించి మాట్లాడరని కూడా అన్నాడు. మా డెల్టాలో ఈ ఏకత్వం లోలోపల కూడా కాదు. ఊడ్పులకు ముందు రామాలయం దగ్గర కూర్చుని ‘ఈ ఏడు ఎకరాకు ఇంతకు మించి ఎవరూ ఇవ్వకూడదు’ అని కట్టు చేసుకున్న ఊళ్లు నేను చూశాను. దాన్ని ఊరి కట్టుబాటు అంటారు. పేటలో అలాంటి సమావేశమే జరిగితే దాని వెనక ఎవరున్నారని ఆరా మొదలవుతుంది.

స్మిత్ చూడనిది కులం. ఆయన దేశపు కార్మికుడికి వారం రోజుల గడువుంటే, ఆ వారాన్ని కూడా రెండు రోజులకు కుదించగల సాధనం మన దగ్గర ఉంది. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకోడేరు మండలం గరగపర్రులో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. జాతీయ నాయకుల విగ్రహాల సరసన దళితులు అంబేడ్కర్ విగ్రహం పెట్టారు. దాన్ని రాత్రికి రాత్రి అక్కడినుంచి తీసివేశారు. దళితులు నిరసన తెలిపారు. ఆ తరువాత వారిపై పడిన శిక్ష కూలి మీద పడింది: పొలం పనులకు పిలవడం మానేశారు, కౌలుకిచ్చిన చేలు వెనక్కి తీసుకున్నారు, ఇళ్లలో పనులు చేసే ఆడవాళ్లను రావద్దన్నారు. గొడవకు మూలం విగ్రహం, దెబ్బ పడింది పొయ్యి మీద. విగ్రహానికీ నాటు కూలికీ ఏమిటి సంబంధం అని ఎవరైనా అడిగితే, జీతానికీ పిల్లవాడి బడికీ ఉన్న సంబంధమే అని నా జవాబు. ఆ ఊరి వార్త చదివిన మరుసటి సార్వాలో చుట్టుపక్కల మండలాల పేటల్లో కూలి రేటు మాట్లాడటానికి వెళ్లిన ప్రతి మేస్త్రీ మనసులోనూ గరగపర్రు ఒక పక్కన కూర్చునే ఉంటుంది. బహిష్కరణ ఒక ఊళ్లో జరిగితే చాలు, పది ఊళ్లలో కూలి రేటు దానంతటదే అదుపులో ఉంటుంది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణలు 2016 జనవరి 26న అమలులోకి వచ్చాక సాంఘిక, ఆర్థిక బహిష్కరణ, దాని బెదిరింపు కూడా నేరాలయ్యాయి. కూలికి పిలవకపోవడం, వ్యాపార లావాదేవీలు ఆపివేయడం ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. మన కూలి సంఘాలు ఈ చట్టాన్ని కొట్లాట జరిగినప్పుడు మాత్రమే గుర్తు చేసుకుంటున్నాయి. కూలి పెంచమని అడిగినందుకు ‘మీ పేటవాళ్లను ఇక గట్టెక్కనివ్వం’ అన్న మాట కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తుందని ఊడ్పుల మేస్త్రీలకు చెప్పినవారు ఎంతమంది?

కనీస వేతనాల చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ బిల్లును 1946లో కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టింది వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూస్తున్న అంబేడ్కర్. 1948లో అది చట్టమయ్యేనాటికి కార్మిక మంత్రి జగ్జీవన్ రామ్. వ్యవసాయ కూలీని ఆ చట్టం షెడ్యూలులోకి తీసుకువచ్చిన దారిలో ఇద్దరు అంటరాని కులాల బిడ్డలు నిలబడి ఉన్నారన్న సంగతి మన పాఠ్య పుస్తకాల్లో కనబడదు. అంతకుముందు 1938లో, సమ్మెను నేరం చేసే బొంబాయి పారిశ్రామిక వివాదాల బిల్లును వ్యతిరేకిస్తూ అంబేడ్కర్ చేసిన వాదన ఇప్పటికీ మన చర్చకు ఆయువుపట్టు. పని చేయనని చెప్పే హక్కు లేనివాడు బానిసేనని, సమ్మె హక్కు స్వేచ్ఛకే ఇంకో పేరని ఆయన భావం.

ఆ చట్టంలో ఒక సెక్షను ఉంది, ఇరవై అయిదోది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేస్తానని కార్మికుడు తానే ఒప్పుకున్నా, సంతకం చేసినా ఆ ఒప్పందం చెల్లదని దాని సారాంశం. ‘వాళ్లే ఒప్పుకున్నారండీ’ అనే వాదనకు చట్టం 1948లోనే తలుపు మూసింది. 1982 నాటి ఆసియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసి, ఆకలి వల్ల తప్పనిసరై కనీస వేతనం కన్నా తక్కువకు చేసే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయే అన్నది. మరుసటి ఏడాది సంజిత్ రాయ్ కేసులో కరువు పనులకు కూడా ఇదే వర్తిస్తుందన్నది. తక్కువ ఇచ్చిన మొత్తానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే వీలు కూడా పాత చట్టంలో ఉండేది. ఫిర్యాదుకు ఆరు నెలల గడువు ఉండేది. పాత చట్టాన్ని తనలో కలుపుకున్న 2019 నాటి వేతనాల కోడ్ ఆ గడువును మూడేళ్లకు పెంచింది.

ఇన్ని ఉన్నాయి. మా మండలంలో ఊడ్పుల కూలి తక్కువ ఇచ్చారని కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్లిన ఆడమనిషిని నేను ఇంతవరకూ కలవలేదు. అజ్ఞానం దీనికి పూర్తి కారణం కాదు, టౌనుకు వెళ్లివస్తే ఒక రోజు కూలి పోతుందన్నదీ కాదు. వెళ్లి గెలిచిన మనిషిని మరుసటి దాళ్వాలో ఎవరు పిలుస్తారు? చట్టం మూడేళ్ల గడువిచ్చింది కానీ పొయ్యి ఇవ్వలేదు.

ఇప్పుడు ఊడ్పులు, కోతలు ఎక్కువగా ముఠాల మీద నడుస్తున్నాయి. పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు ఒక మేస్త్రీ కింద జట్టు కట్టి ఎకరాకు ఇంతని గుత్తకు తీసుకుంటారు. పాలేరుతనంతో పోలిస్తే ఇది పెద్ద ముందడుగు. ఒక మనిషి ఒక అరుగు ముందు నిలబడటం పోయి, ఇరవై మంది ఒక చేను ముందు నిలబడతారు. సీజనులో మొదటి చేను దగ్గర తెగిన రేటే ఊరంతా నడుస్తుంది కనుక ఆ ఒక్క బేరం మీద అందరి కళ్లూ ఉంటాయి. నీరు వదిలారు, దమ్ము చేశారు, నారు ముదురుతోంది. నారు ముదిరితే దిగుబడి పోతుంది. ఆ నాలుగైదు రోజులే మా ఆడవాళ్ల చేతిలో ఉన్న బలం. ఏడాది పొడుగునా రైతు ఆగగలడు, ఆ నాలుగు రోజుల్లో మాత్రం ఆగలేడు. రేటు పెరిగిందంటే ఆ రోజుల్లోనే పెరిగింది.

గుత్తలో ఉన్న మోసం కూడా చెప్పాలి. మేస్త్రీ ముందుగా పుచ్చుకున్న అడ్వాన్సు జట్టు నోటికి తాళం వేస్తుంది. వేసవిలో ఆసుపత్రికో బడి ఫీజుకో చేబదులు తీసుకున్న ఇల్లు సార్వా రేటు మాట్లాడుకునేటప్పుడు గొంతెత్తదు. ఎకరం లెక్కన మాట్లాడుకున్నాక ఎన్ని గంటలు వంగున్నారో ఎవరూ అడగరు. చీకటితో దిగి, మధ్యాహ్నం గట్టు మీద గబగబా మెతుకులు మింగి, ఇంకో అరెకరం పూర్తిచేస్తే రోజు కూలి పెద్దగా కనిపిస్తుంది. నడుము లెక్కలోకి రాదు. మగవాడి కూలీ ఆడదాని కూలీ సమానంగా ఉండాలని 1976లోనే సమాన వేతన చట్టం వచ్చినా, పురుగుమందు కొట్టే మగవాడి పూట కూలికీ కలుపు తీసే ఆడదాని పూట కూలికీ మధ్య వ్యత్యాసాన్ని పని స్వభావం పేరుతో నిలబెడుతున్నాం. నాట్లు కష్టం తక్కువైన పని అని చెప్పేవారెవరూ ఒక పూట నాటు వేసి చూసినవారు కారు.

ఎదుటి పక్షం వాదన పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు. ఇవాళ చేను గట్టున నిలబడి కూలి తగ్గించమనే మనిషి చాలాచోట్ల భూమి ఉన్న ఆసామి కాదు. ఆసామి రాజమండ్రిలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. గట్టు మీద ఉన్నది కౌలుదారు. ఎకరాకు ఇన్ని బస్తాలని మక్తా ముందే ఒప్పుకున్నవాడు, బ్యాంకు అప్పు పుట్టక వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చినవాడు, తుపాను వస్తే నష్టపరిహారం భూమి యజమాని ఖాతాలో పడుతుంటే చూస్తూ ఊరుకోవలసినవాడు. అతను వెనుకబడిన కులంవాడు కావచ్చు, మా పేటవాడే కావచ్చు. ఎకరాకు రెండు వందలు పెంచమంటే అతనికి గుండె ఆగినంత పనవుతుంది, అది నటన కాదు. విచిత్రమేమిటంటే ఖర్చుల పట్టికలో తగ్గించమని అతను అడగగలిగిన అంకె ఒక్క కూలి మాత్రమే. మక్తా తగ్గించమని ఆసామిని అడగలేడు, ఎరువు ధర తగ్గించమని కంపెనీని అడగలేడు, వడ్డీ తగ్గించమని అడిగితే మళ్లీ అప్పు పుట్టదు. కింది మెట్టు మీద ఉన్న మనిషినే అడగగలడు. ఆ మెట్టు ఎవరిదో కులం ముందే నిర్ణయించి పెట్టింది. కనుక న్యాయమైన కూలి పెంపు అన్న ప్రశ్న కూలీకీ కౌలుదారుకీ మధ్య తెగేది కాదు. ఎకరాకు ఒక బస్తా మక్తా తగ్గితే ఎంత కూలి పెంచవచ్చో లెక్క వేసి, ఇద్దరూ కలిసి ఆసామి దగ్గరికి వెళ్లాల్సిన రోజు రావాలి. అలా వెళ్లిన ఊరు నాకు ఇంకా కనబడలేదు.

న్యాయమైన పెంపు అంటే ఎంత? మా నాన్న తరం దీన్ని బస్తాల్లో కొలిచేది. అది మంచి కొలత. రూపాయి కరుగుతుంది, ధాన్యం కరగదు. అదే కొలతతో ప్రభుత్వం ఇచ్చే కూలిని చూద్దాం. 2011లో మన రాష్ట్రానికి ఉపాధి హామీ పథకం కింద ప్రకటించిన రోజు కూలి 121 రూపాయలు. నాటి మద్దతు ధరకు అది 11.2 కిలోల ధాన్యం. 2025-26లో కూలి 307 రూపాయలు, మద్దతు ధర క్వింటాలుకు 2369. అంటే 12.96 కిలోలు. పద్నాలుగేళ్లలో రోజు కూలి కాగితం మీద రెండున్నర రెట్లు పెరిగింది, ధాన్యంలో పెరిగింది కిలో ముప్పావు. అదీ పూర్తి కూలి చేతికి వస్తే. కొలతల్లో కోత పడ్డ రోజు అదీ రాదు. ఈ కిలో ముప్పావునే ‘కూలి రేట్లు ఆకాశానికి అంటాయి’ అని మనం వర్ణిస్తున్నాం. ఊరి రేటుకు కూడా ఈ లెక్క వేసుకోవచ్చు. గత సార్వాలో ఎకరం ఊడ్పుకు ఇచ్చిన డబ్బుకు ఎన్ని కిలోల ధాన్యం వచ్చేది, ఈ సార్వాలో ఇస్తానన్న డబ్బుకు ఎన్ని కిలోలు వస్తుంది? తగ్గితే అది పెంపు కాదు, కోత. ఇంత చిన్న లెక్క పేటలోని ఇంటర్ చదివే ఆడపిల్ల ఫోనులో చేయగలదు. మేస్త్రీ పక్కన ఆ పిల్ల కూర్చుంటే బేరం తీరే మారుతుంది.

మా పేటల్లో కూలి పెరిగిన కాలాలను తిరిగి చూస్తే ప్రతిసారీ ఏదో ఒక తలుపు బయటికి తెరుచుకుని ఉండటం కనబడుతుంది. కోనసీమ నుంచి, పశ్చిమ డెల్టా నుంచి ఆడవాళ్లు కువైట్, బహ్రెయిన్, దుబాయ్ ఇళ్లలో పనికి వెళ్లారు. వాళ్లు అక్కడ పడ్డ పాట్లు వేరే కథ. పంపిన డబ్బుతో ఇక్కడ పాకలు స్లాబు ఇళ్లయ్యాయి, బాకీలు తీరాయి. బాకీ తీరిన ఇంటి ఆడది మొదటిసారి ‘ఆ రేటుకు రాను’ అనగలిగింది. 2006లో ఉపాధి హామీ మొదలైంది. దాని కూలి ఎక్కువేమీ కాదు. కానీ ఆ పని ఇచ్చేది కామందు కాదు, అక్కడ పేరు మస్టరులో ఉంటుంది, డబ్బు ఖాతాలో పడుతుంది, ‘ఇప్పించండి’ అనక్కరలేదు. మరోవైపు కోత యంత్రాలు వచ్చి కోతల బలాన్ని తీసుకుపోయాయి, భీమవరం వైపు చేలు చెరువులై ఊడ్పులనే మింగేశాయి. ఆ చేలల్లో నాట్లు వేసిన ఆడవాళ్లు ఇప్పుడు రొయ్యల షెడ్లలో కిలో లెక్కన తలలు తీస్తున్నారు, చల్లటి నీళ్లలో వేళ్లు పాసిపోతుంటే. అక్కడా రేటు మాట్లాడేది మేస్త్రీయే. మిగిలిన వరి డెల్టాలో ఆ నాలుగైదు రోజుల ఊడ్పుల బలం, దాని వెనక ఉపాధి పని అనే ఆసరా, ఈ రెండే ఇప్పటికి చేతిలో ఉన్నవి.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త గ్రామీణ ఉపాధి చట్టం సరిగ్గా ఇక్కడే వేలు పెట్టింది. పని దినాలను వంద నుంచి నూట ఇరవై అయిదుకు పెంచినట్టు చెప్పింది. అదే చేత్తో, విత్తే కాలంలోనూ కోసే కాలంలోనూ కలిపి ఏడాదికి అరవై రోజులు ఉపాధి పనులు జరగకుండా రాష్ట్రాలు ముందుగా ప్రకటించాలన్నది. కారణం దాపరికం లేకుండానే చెప్పారు: వ్యవసాయానికి కూలీల కొరత రాకూడదట. పద్నాలుగో శతాబ్దంలో మహమ్మారి వచ్చి ఇంగ్లండులో కూలీలు కరువైనప్పుడు, మిగిలినవారు ఎక్కువ కూలి అడుగుతున్నారని 1351లో అక్కడి పార్లమెంటు పాత రేట్లకే పని చేయాలని చట్టం చేసింది. మనది అంత మొరటు చట్టం కాదు. రేటు ఇంత అని ఎక్కడా రాయలేదు. బేరమాడగలిగిన రోజుల్ని మాత్రం క్యాలెండరులోంచి తీసేసింది.

రైతుకు పంట విరామం ఉన్నట్టే కూలికి ఇప్పుడు పని విరామం వచ్చిందని సరిపెట్టుకోవడానికి లేదు. ఆ విరామం రైతు తనకు తాను ప్రకటించుకున్నది. ఈ విరామాన్ని కూలి తరఫున, కూలిని అడగకుండా, ఎదుటి పక్షం అవసరాన్ని బట్టి ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2011లో రైతు సంఘాలు ఉపాధి హామీని వ్యవసాయానికి అనుసంధానం చేయాలని కోరినప్పుడు కౌలుదారు కష్టం తగ్గుతుందేమోనని మనలో కొందరం ఊగిసలాడాం. అనుసంధానం అంటే కౌలుదారు కూలి ఖర్చులో ప్రభుత్వం వాటా భరించడం అనుకున్నాం. వచ్చింది అది కాదు.

ఆ అరవై రోజులు ఏవన్నది రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది. వేర్వేరు ప్రాంతాలకు వేర్వేరు తేదీలు ప్రకటించే వీలు చట్టంలోనే ఉంది. గోదావరి డెల్టాలో సార్వా నాట్ల మొదటి వారాలు, దాళ్వా నాట్లు, కోతల రోజులు ఆ జాబితాలోకి వెళ్లాలా వద్దా అన్నది ఎవరిని అడిగి తేలుస్తారు? ధాన్యం మిల్లర్లు, రైతు సంఘాలు, నీటి సంఘాలు తమ మాట ఇప్పటికే చేరవేసి ఉంటాయి. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం, తణుకు మండలాల గ్రామ సభల్లో పేట ఆడవాళ్లు లేచి తేదీల ప్రస్తావన తేవాలి. ‘మా పనులు ఆపితే ఆ రోజులకు ఎకరం ఊడ్పు రేటు ఇంత అని ముందే పంచాయతీ బోర్డు మీద రాయించండి, ఆడామగా తేడా లేకుండా రాయించండి, రాసిన రేటు కన్నా తక్కువ ఇచ్చిన చోట ఫిర్యాదు తీసుకునే మనిషి ఎవరో పేరు, ఫోను నంబరు దాని కింద రాయించండి’ అని తీర్మానం అడగాలి. తీర్మానం పుస్తకంలో కెక్కేదాకా సభలోంచి కదలకూడదు. రాయించండి అంటున్నాను గనుక ఇది వేడుకోలు అనుకోవద్దు. గ్రామ సభలో తీర్మానం పెట్టే హక్కుకు ‘అండీ’ తగిలించినా తగిలించకపోయినా ఒకటే.

ఈ ఏడు డెల్టా కాలువలకు నీరు వదిలే తేదీ ఇంకా ఖరారు కావలసి ఉంది. నారుమళ్లు పోసే లోపు ఆ గ్రామ సభలు జరగాలి.